గీజర్ వేస్తున్నా

వహీబ్‌కి కంప్యూటర్ల గురించి బాగా తెలుసు. ఎంత బాగా అంటే, ఇంకొకరి మాట చెవిన పెట్టాల్సిన అవసరం లేనంత. లెబనాన్‌లోని ట్రిపోలీ రేవుపేటలో ఏళ్ళ తరబడి పెళ్ళిపత్రికల అచ్చుకొట్టు నడిపినవాడు మరి. ఆ పేటలో సగం పెళ్ళిళ్ళు అతని చేతిమీదుగా అచ్చయినవే. జనం శుభలేఖలు ఫోన్లలో పంపుకోవడం మొదలుపెట్టాక కొట్టు మూతపడింది. మిషన్లు అమ్ముడుపోయాయి. కంప్యూటర్ ఒక్కటే మూడు అంతస్తులు మోయించుకుని ఇంటికొచ్చి, పడకగదిలో కిటికీ పక్కన స్థిరపడింది. కొనేవాడు దొరక్క కాదు, అమ్మనని వహీబే మొండికేశాడు.

అది ముసలి కంప్యూటర్. ఆన్ చేసి, కాఫీ కాచుకుని, తాగి, గిన్నె కడిగి వచ్చేసరికి తెర వెలిగేది. లోపలి హార్డ్‌డిస్క్ గిర్రుమని తిరుగుతూ, మధ్యమధ్యలో గోరుతో చెక్క గీకినట్టు చప్పుడు చేసేది. "ఆలోచిస్తోంది" అనేవాడు వహీబ్. "చస్తోంది" అనేది అతని భార్య ఇన్సాఫ్.

అనేది. ఇప్పుడు అనదు. కిందటేడు గొంతులో కణితి అని తేలితే బేరూత్ తీసుకెళ్ళారు. అక్కడి డాక్టర్లు గొంతుపెట్టె మొత్తం తీసేశారు. ప్రాణం దక్కింది. మెడ కింద చిన్న రంధ్రం మిగిలింది, ఊపిరంతా అందులోంచే. దాని మీద పల్చటి రుమాలు కట్టుకుంటుంది. పెదాలు కదుపుతుంది, ఎదురుగా ఉంటే వహీబ్ చదువుకుంటాడు. చప్పుడు మాత్రం రాదు.

ఇన్సాఫ్ గొంతు తెలియనివాళ్ళు ఆ పేటలో లేరు. మూడో అంతస్తు బాల్కనీలోంచి కూరగాయల బండివాణ్ణి పిలిస్తే, పక్కవీధి బండివాడు కూడా ఆగేవాడు. ఫోనులో మాట రికార్డు చేసి పంపడమంటే ఆమెకు ఒళ్ళుమంట. "నా మాట కావలసినవాళ్ళు నా ఇంటికొచ్చి, నా మొహం చూస్తూ వింటారు" అనేది. ఇక పెళ్ళిళ్ళలో అయితే ఆమె లేనిదే పెళ్ళికూతురు గడప దాటేది కాదు. ఇన్సాఫ్ ముందుకొచ్చి, చేయి నోటి పక్కన పెట్టుకుని, "ఆవీహా" అని రాగం ఎత్తుకుని, పెళ్ళికూతురినీ పెళ్ళికొడుకునూ కలిపి నాలుగు పాదాలు పాడాలి. పాదం పాదానికీ ఆడవాళ్ళంతా నాలుకలాడిస్తూ లీలీలీ అని కూతలు పెట్టాలి. అప్పుడే ఆ పెళ్ళికి కళ. ఆ పాదాలు ఆమె ఎక్కడా నేర్చుకున్నవి కావు, ఎవరి పెళ్ళికి వాళ్ళకు కొత్తగా కట్టేది. వాటిలో ఆశీర్వాదం ఎంతో ఎత్తిపొడుపూ అంతే.

ఆపరేషన్‌కి ముందు ఆసుపత్రిలో మాటలు నేర్పే అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. గొంతు ఉండగానే కొన్ని వాక్యాలు చదివి దాచుకుంటే, తర్వాత ఒక ప్రోగ్రామ్ ఆ గొంతు పోలిక పట్టి, ఏం టైపు చేస్తే అది ఆమె గొంతుతోనే పలుకుతుందట. వహీబ్ పడకగది తలుపుకి రజాయిలు వేలాడదీసి, మైకు పెట్టి, భార్యను కూర్చోబెట్టాడు. చదవమని ఇచ్చిన వాక్యాలు అడ్డదిడ్డంగా ఉన్నాయి.

"నీలం పడవలో ముగ్గురు అన్నదమ్ములు నిమ్మకాయలు లెక్కపెడుతున్నారు" అని చదివి, ఇన్సాఫ్ కళ్ళజోడు తీసేసింది. "ఏం అన్నదమ్ములయ్యా వీళ్ళు? పనీపాటా లేదా? పెళ్ళాలు ఊరుకుంటున్నారా?"

"మాట్లాడకు, రికార్డవుతోంది!"

"అవనీ. రేపు ఎలాగూ నేను తిట్టలేను. ఇందులోంచే తిట్టుకో."

అలా తిట్లు కూడా రికార్డయ్యాయి. నవ్వు రికార్డయింది. దగ్గు రికార్డయింది. ఆఖరి రోజున ఆమె అతన్ని తలుపు గడియ పెట్టమని, గొంతు సవరించుకుని, కూతురు లమీస్ పెళ్ళికి పాడాల్సిన నాలుగు పాదాలూ పాడేసింది. అప్పటికి లమీస్‌కి సంబంధమే కుదరలేదు. పెళ్ళికొడుకు పేరు రావలసిన చోట ఒక్క ఊపిరంత ఆగి, పాటంతా అయిపోయాక మామూలు గొంతుతో, ఎప్పటిలాగే లమీస్ తండ్రీ అని అతన్ని పిలుస్తూ చెప్పింది. "అక్కడ ఖాళీ వదిలాను, అబూ లమీస్. మొగుడు దొరికాక వాడి పేరు పెట్టుకో. పొడుగాటి పేరున్నవాణ్ణి తేకండి, రాగంలో ఇమడదు. పిల్లకి ఇప్పుడే వినిపించకు, పెళ్ళినాడే వినాలి."

వహీబ్ మాట తప్పలేదు. లమీస్‌కి వినిపించలేదు. తను మాత్రం ఇంట్లో ఎవరూ లేనప్పుడల్లా విన్నాడు. ఎక్కడ ఊపిరి తీసుకుందో, ఎక్కడ నవ్వు ఆపుకుందో అతనికి కంఠతా వచ్చు. ఆ ఖాళీ దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ తనే ఊపిరి బిగబట్టేవాడు.

ఇప్పుడు ఆ ఖాళీకి మనిషి దొరికాడు. పేరు తమ్మామ్. రేవులో పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. మంచివాడు, పేరు కూడా పొట్టిది. పెళ్ళి ఆదివారం. ఆ ఒక్క పేరూ ఇన్సాఫ్ గొంతుతోనే పలికించి ఖాళీలో పెట్టాలని వహీబ్ కోరిక. అంతటితో ఆగలేదు అతని ఆశ. పెళ్ళినాడు ఇన్సాఫ్ వియ్యపురాలి చెయ్యి పట్టుకుని, తన సొంత గొంతుతో "మా పిల్ల జాగ్రత్త" అనాలి. అనిపించి తీరతానని భార్యకు మాటిచ్చాడు. ఆమె ఆ మాట విని లోపలికెళ్ళి ఆ రోజుకి కట్టుకోవాల్సిన మంచి రుమాలు వెతుక్కోవడం మొదలుపెట్టింది.

ఒక్కటే అడ్డం. ఆ ప్రోగ్రామ్ పాత సిస్టమ్ మీద ఎక్కనంది. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కి అప్‌గ్రేడ్ చేస్తేనే ఎక్కుతానంది. కొత్త కంప్యూటర్ కొందామంటే, దాచుకున్నదంతా బ్యాంకు దిగమింగి కూర్చుంది. ఊళ్ళో అందరిదీ అదే గతి కాబట్టి వహీబ్ దాని గురించి ఏడవడం ఎప్పుడో మానేశాడు.

"ముందు అమ్మ ఫైళ్ళన్నీ వేరే డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి నాన్నా" అంది లమీస్.

"కాపీ పెడితే ఈ డిస్క్ మీద రోజంతా పడుతుందే. అప్‌గ్రేడ్ అయ్యాక కొత్త సిస్టమ్ మీద చిటికెలో అవుతుంది. అప్పుడు ఒకటి కాదు, పది కాపీలు చేస్తాను."

"పోనీ బాబాయి వాళ్ళింటికి తీసుకెళ్ళి చెయ్యి. వాళ్ళకి సోలార్ ఉంది, కరెంటు పోదు."

"మీ అమ్మ గొంతు మోసుకుంటూ వీధులెంట తిరగమంటావా? నేను పుట్టి బుద్ధెరిగాక ఎన్ని కంప్యూటర్లు చూశానో తెలుసా నీకు?"

లమీస్ తల్లి వంక చూసింది. ఇన్సాఫ్ భుజాలెగరేసి పెదాలు కదిపింది. 'మీ నాన్న సంగతి తెలిసిందేగా' అని. ఆ పెదాలు వహీబ్ కూడా చదివాడు. చదవనట్టు ఊరుకున్నాడు.

గురువారం పొద్దున సర్కారు కరెంటు వచ్చింది. వచ్చిందంటే వీధి వీధంతా తెలుస్తుంది. బట్టల మిషన్లు, నీళ్ళ మోటార్లు, ఇస్త్రీపెట్టెలు ఒక్కసారి మొదలవుతాయి. వహీబ్ మీట నొక్కి అప్‌గ్రేడ్ మొదలుపెట్టాడు. వేడెక్కి చచ్చిపోతుందేమోనని కంప్యూటర్ పక్కరేకు ఊడదీసి, టేబుల్ ఫ్యాన్ దాని పొట్టలోకి తిప్పిపెట్టాడు.

"నువ్వు ఏం కావాలన్నా వేసుకో ఇన్సాఫ్! సర్కారు కరెంటే!" అని వంటింట్లోకి కేకేశాడు.

ఆ కేక వెనక ఓ సంగతి ఉంది. సర్కారు కరెంటు పోతే, వీధి మొత్తానికి కరెంటు అమ్మే అబూ ఖిదర్ జనరేటరే దిక్కు. వహీబ్ ఇంటికి దాన్నుంచి వచ్చేది ఐదు ఆంపియర్లు. ఐదు ఆంపియర్ల కాపురమంటే అరుపుల కాపురం. ఫ్రిజ్ తిరుగుతుంటే ఇస్త్రీ కుదరదు, ఇస్త్రీ నడుస్తుంటే గీజర్ కుదరదు. రెండూ కలిశాయా, కింద స్విచ్ టక్కున పడిపోతుంది, ఇల్లంతా చీకటి. అందుకని ఏదైనా బరువైన వస్తువు వేసేముందు ఇంట్లోవాళ్ళకి వినిపించేలా అరవాలి. "గీజర్ వేస్తున్నా!" అని అరిస్తే, వద్దనుకున్నవాళ్ళు "ఆగు!" అని అరుస్తారు. ఎవరూ అరవకపోతే వేసుకోవచ్చు. ఉలుకూ పలుకూ లేదంటే సరేనన్నట్టే. ఆ పేటలో ఏ ఇంట్లోనైనా అదే పద్ధతి. ఇన్సాఫ్ గొంతు పోయాక గరిటెతో గిన్నె మీద కొట్టేది. ఒక దెబ్బ అంటే ఇస్త్రీ, రెండు అంటే గీజర్. ఆగు అని వినపడకపోతే వేసేది.

సర్కారు కరెంటు ఉన్నంతసేపట్లో అప్‌గ్రేడ్ అయిపోతుందని వహీబ్ లెక్క. ఆ డిస్క్‌కి అతని లెక్కతో పని లేదు. తెర మీద శాతం అంకె ఒకటి పెరగడానికి వంటింట్లో ఓ చిక్కుడుకాయ కూర దించి, ఇంకోటి ఎక్కించేంత సమయం పట్టింది. 'కంప్యూటర్ ఆపవద్దు' అని కింద రాసి ఉంది. వహీబ్ దాని ముందు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఆసుపత్రి వరండాలో కూర్చున్నట్టు కూర్చున్నాడు. మధ్యాహ్నానికి సర్కారు కరెంటు పోయింది. జనరేటర్ అందుకునే ఆ ఒకటి రెండు క్షణాలు, ముసలి యూపీఎస్ కీచుమంటూ ఎలాగో మోసింది. మోసి, దాని పక్కన ఎర్రలైటు వెలిగించుకుంది. బ్యాటరీ చచ్చిందని దానర్థం. ఇంకోసారి కరెంటు పోతే మోసేవాళ్ళు లేరు.

అప్పుడు గుర్తొచ్చింది వహీబ్‌కి. మూడు గంటలకు అబూ ఖిదర్ జనరేటర్ ఆపుతాడు. ఎండ తగ్గేదాకా దానికి విశ్రాంతి. గోడ గడియారం చూస్తే మూడుకి ఎంతో లేదు. తెర మీద డెబ్బై ఒకటి. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా మెట్లు దిగి పరిగెత్తాడు. వంటింట్లో ఉన్న భార్యకు ఒక్క మాట చెబుదామన్న ధ్యాసే లేకపోయింది.

వీధి చివర రేకుల షెడ్డు, లోపల జనరేటర్ హోరు. బయట గోడ నిండా ఇంటికో స్విచ్, ప్రతి స్విచ్ కింద ఇంటివాళ్ళ పేరు. వాటి ముందు కుర్చీ వేసుకుని అబూ ఖిదర్ కాఫీ తాగుతున్నాడు. ఆ వీధిలో ఎవరి వెలుగైనా ఆ మనిషి వేలిచివరే కాబట్టి, అందరూ అతన్ని కాస్త చూసుకునే మాట్లాడతారు.

"అబూ ఖిదర్, నీకు పుణ్యముంటుంది, ఇవాళ ఆపకు" అన్నాడు వహీబ్ రొప్పుతూ.

"ఆపకపోతే ఇది పేలి నా మొహాన పడుతుంది. అప్పుడు నువ్వొచ్చి వీధంతా దీపాలు పడతావా?"

"కంప్యూటర్ అప్‌గ్రేడ్ అవుతోంది. మధ్యలో ఆగితే మొదటికే మోసం."

"నీ డబ్బా కోసం నా జనరేటర్‌ని చంపుకోమంటావు. ఏమయ్యా, ఇంకా పెళ్ళిపత్రికలు కొడుతున్నావా అందులో?"

"అందులో మా ఆవిడ గొంతుంది" అన్నాడు వహీబ్. "ఆపరేషన్‌కి ముందు రికార్డు చేసింది. పిల్ల పెళ్ళికి పాడింది. ఎల్లుండి కాక అవతలెల్లుండే పెళ్ళి."

అబూ ఖిదర్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "ఉమ్ లమీస్ పాడిందా?" అని పొట్ట నిమురుకుంటూ, "మా ఖిదర్ పెళ్ళికి ఆవిడే పాడింది. నా పొట్ట మీద ఓ పాదం కట్టింది. ఇప్పటికీ మా ఆవిడ అదెత్తుకుని నన్ను ఏడిపిస్తుంది" అన్నాడు. లేచి, షెడ్డు వైపు తిరిగి, జనరేటర్‌తోనే చెప్పినట్టు చెప్పాడు. "ఇవాళ నీకు నిద్ర లేదే. పెళ్ళివారి పని."

వహీబ్ అతని చేతులు పట్టుకున్నాడు. సరిగ్గా ఆ క్షణాన గోడ మీద టక్కున చప్పుడైంది. అన్ని స్విచ్‌లూ పైకే ఉన్నాయి, ఒక్కటి పడింది. దాని కింద పేరు చదవక్కర్లేదు. తన చేత్తో తను అచ్చుకొట్టి అంటించుకున్న పేరే.

ఒక్క అంగలో వెళ్ళి స్విచ్ ఎత్తాడు. పడిపోయింది. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ పడిపోయింది. ఎత్తి, బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు. అది వేలికింద కొట్టుకుని మళ్ళీ పడింది.

"ఆపవయ్యా బాబూ, ఆపు!" అని అబూ ఖిదర్ అతని మోచెయ్యి పట్టి లాగాడు. "పైన ఏదో బరువైంది వేసుంది. ముందు అది తీయించు!"

వహీబ్ నడివీధిలోకి పరిగెత్తి తలెత్తాడు. కరెంటు పోయిందేమిటా అని చూడటానికి ఇన్సాఫ్ అప్పుడే బాల్కనీలోకి వచ్చింది. ఒక చేతిలో తువ్వాలు, ఒక చేతిలో సబ్బు. సంగతి అర్థమైపోయింది. సాయంత్రం వియ్యాలవారు కాఫీకి వస్తున్నారు. పొద్దుట్నుంచీ ఫ్యాను కంప్యూటర్‌కి ఇచ్చి తను చెమటలో నానుతున్నాడు. మొగుడికి స్నానానికి నీళ్ళు పెట్టింది. జాగ్రత్త మనిషి, ఫ్రిజ్ ప్లగ్గు పీకే పెట్టి ఉంటుంది. గరిటెతో రెండు దెబ్బలు కొట్టే ఉంటుంది. ఇంట్లో 'ఆగు' అనేవాడు లేడు, వాడు వీధిలో జనరేటర్‌ని బతిమాలుతున్నాడు. అప్‌గ్రేడ్ ఇంకా అవలేదనీ, కంప్యూటరూ ఫ్యానూ ఇంకా తిరుగుతున్నాయనీ ఆమెకు తెలియదు, అతను చెప్పలేదు.

ఇదంతా వహీబ్‌కి తర్వాత తోచింది. అప్పుడు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

"గీజర్ ఆపు!" అని అరిచాడు. "నీ గీజర్ తగలడ! నోరు పోతే పోయింది, బుద్ధి కూడా కోసి పారేశారా నీకు ఆసుపత్రిలో?"

కూరగాయల బండివాడు తక్కెడ చేత్తో పట్టుకుని ఆగిపోయాడు. ఎదురు మేడ మీద బట్టలారేస్తున్న ఆడవాళ్ళు క్లిప్పులు నోట్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఇన్సాఫ్ చెయ్యి మెడ దగ్గర రుమాలు మీదికి వెళ్ళింది. పెదాలు కదిలాయి. ఏదో చెప్పింది. మూడో అంతస్తు మీద ఉన్న మనిషి పెదాలు కిందనుంచి కనపడవు. ఆమె ఒకప్పటి ఇన్సాఫ్ అయితే ఆ మాటకు పేట మొత్తానికి వినపడే జవాబు చెప్పి, మొగుణ్ణి అక్కడే పాతేసి ఉండేది. ఆ ఇన్సాఫ్ గొంతు అంతా ఆ డబ్బాలో ఉంది. ఆమె లోపలికి వెళ్ళి గీజర్ ఆపింది.

కింద అబూ ఖిదర్ స్విచ్ ఎత్తినట్టున్నాడు, వహీబ్ మెట్లెక్కి వచ్చేసరికి కరెంటు వచ్చింది. కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యే కంప్యూటరే, తెర మాత్రం నల్లగా ఉంది. మీట నొక్కాడు. లోపల డిస్క్ తిరగబోయి, టిక్కుమని ఆగింది. మళ్ళీ తిరగబోయి, మళ్ళీ టిక్కుమంది. ఆ చప్పుడు అతను ఎన్నోసార్లు వేరేవాళ్ళ కంప్యూటర్లలో విని, 'ఇక ఆశ పెట్టుకోకండి' అని తేలిగ్గా చెప్పినదే. ఇన్సాఫ్ గుమ్మంలో నిలబడింది. తువ్వాలు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఇద్దరూ ఆ టిక్కుటిక్కు వింటూ ఉండిపోయారు. కాసేపటికి ఆమె వెళ్ళి వాకిలి తుడవడం మొదలుపెట్టింది. వియ్యాలవారు వచ్చే వేళయింది.

మర్నాడు రిపేరు చేసే మాహెర్ దగ్గరికి డిస్క్ పట్టుకెళ్ళాడు. మాహెర్ దాన్ని తన మిషన్‌కి తగిలించి, చెవి దగ్గర పెట్టుకుని, తల అడ్డంగా ఊపాడు.

"సూది పళ్ళెం మీద పడి గీసేసింది అన్నా. ఇందులోంచి ఏమీ రాదు. నువ్వూ కంప్యూటర్లు తెలిసినవాడివే, నీకు నేను అబద్ధం చెప్పి ఏం లాభం?"

"కరెంటు పోయినందుకేనా?"

"ఒక్కసారి పోయుంటే తట్టుకునేదేమో. మహా అయితే అప్‌గ్రేడ్ చెడేది, మళ్ళీ మొదట్నుంచి చేసుకునేవాడివి, ఫైళ్ళు ఎక్కడికీ పోవు. తిరగడం మొదలెట్టగానే ఆపి, మళ్ళీ తిప్పి, మళ్ళీ ఆపి, అలా ఎవరైనా వరసపెట్టి ఆడిస్తే ముసలి డిస్క్ ఏం బతుకుతుంది?"

వహీబ్ తన కుడిచేతి బొటనవేలు చూసుకున్నాడు. మాహెర్ ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. అతనికి వినపడలేదు.

లమీస్‌కి చెప్పక తప్పలేదు. ఆ పిల్ల ఏడవలేదు, తండ్రిని ఒక్క మాటా అనలేదు. చుట్టాలందరినీ అడిగి పాత పెళ్ళిళ్ళ వీడియోలు తెప్పించి వెతికింది. ఒకదాంట్లో తల్లి దొరికింది. ఎర్రగౌను వేసుకుని, చేయి నోటి పక్కన పెట్టుకుని పాడుతోంది. పక్కనే డోలు వాయిస్తున్నారు. నోరు తెరుచుకోవడం కనపడింది, డోలు వినపడింది. లమీస్ ఆ ముక్కను చెవికి ఆనించుకుని మళ్ళీ మళ్ళీ తిప్పి, చివరికి ఫోను బోర్లా పెట్టేసింది.

ఇన్సాఫ్ వంటింట్లో ద్రాక్షాకులు పరుచుకుని, బియ్యం కూరి, చుట్టలు చుడుతోంది. పెళ్ళికి రెండు పెద్ద గిన్నెల చుట్టలు కావాలి. వహీబ్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నీ గీజర్ వల్ల కాదు. విన్నావా? నేనే చంపాను. స్విచ్ అన్నిసార్లు ఎత్తి దించి నేనే చంపాను. మాహెర్ చెప్పాడు. కాపీ చెయ్యమని పిల్ల చెప్పింది, వినలేదు. నీకు చెప్పకుండా కిందికి పోయాను. అన్నీ నేనే."

ఆమె పెదాలు కదిలాయి. 'పోనీలే.'

"ఎలా పోనీ? నీ గొంతు, ఇన్సాఫ్!"

ఆమె ఒక చుట్ట తీసి అతని నోట్లో కుక్కింది, ఇక నోరు మూసుకోమన్నట్టు. అది ఉడకని పచ్చి చుట్ట. అతను దాన్ని నమల్లేక, ఉమ్మలేక, ఏడుస్తూ నమిలాడు. ఆమె నవ్వింది. నవ్వుకి చప్పుడు లేదు, భుజాలు మాత్రం కదిలాయి. కాస్త ధైర్యం వచ్చి, మింగాక అన్నాడు. "వీధిలో నేనన్న మాట..."

ఇన్సాఫ్ నవ్వు ఆగిపోయింది. ఆమె తల వంచుకుని ఇంకో ఆకు అరచేతిలో పరుచుకుంది. అతను చాలాసేపు కూర్చున్నాడు. ఆమె తలెత్తలేదు. తలెత్తకపోతే పెదాలు చదవడానికి లేదు.

ఆదివారం పెళ్ళికొడుకు వాళ్ళు వచ్చారు. మెట్ల నిండా జనం. లమీస్ తెల్లగౌనులో గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. డోలు ఆగింది. ఆనవాయితీ ప్రకారం అందరి కళ్ళూ పెళ్ళికూతురి తల్లి వైపు తిరిగాయి, తిరిగిన వెంటనే సంగతి గుర్తొచ్చి నేల చూశాయి. వహీబ్ చెల్లెలు ఆ ఇబ్బంది గట్టెక్కిద్దామని ముందుకొచ్చి చేయి నోటి పక్కన పెట్టుకుంది. ఇన్సాఫ్ ఆ చెయ్యి మెల్లగా దించేసింది. మంచి రుమాలు సర్దుకుని, కూతురి ఎదుట నిలబడి, తన చేయి తన నోటి పక్కన పెట్టుకుంది.

పెదాలు కదిలాయి. మెట్ల మీద అంత జనంలో ఏమీ వినపడలేదు. ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. వహీబ్‌కి మాత్రం మొదటి మాటకే తెలిసింది. అవే పాదాలు. తన నోటంట ఎలా వచ్చిందో తెలియదు, ఆమె వెనకే, ఒక మాట ఆలస్యంగా, బొంగురుగొంతుతో ఎత్తుకున్నాడు.

"ఆవీహా, మూడంతస్తుల మెట్లు దిగుతోంది మా లమీస్..."

మగవాళ్ళు ఆ పాట పాడరు. తమ్మామ్ స్నేహితులు ఇద్దరు కిసుక్కుమన్నారు. ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, సరేలే అన్నట్టు లీలీలీ అన్నారు.

"ఆవీహా, ఏ మెట్టూ దాన్ని వదలనంటోంది..."

ఈసారి కూతలు గట్టిగా వచ్చాయి. కిసుక్కుమన్నవాళ్ళు ఆగిపోయారు. ఇన్సాఫ్ పెళ్ళికొడుకు వైపు తిరిగింది. మూడో పాదంలో ఆ చోటు వచ్చింది. రికార్డులో ఒక్క ఊపిరంత ఖాళీ ఉన్న చోటు. వహీబ్ అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టాడు. ఆమె ఆగలేదు. పెదాలు కలిసి విడివడి పేరు పలికాయి.

"ఆవీహా, మా ఇంటి వెలుగు పట్టుకుపోతున్నావు, ఓ తమ్మామ్... ఆవీహా, జనరేటర్ బిల్లు మాత్రం మాకే వదిలిపెడుతున్నావు!"

మెట్లు మెట్లంతా నవ్వులు, కూతలు. కింద ఎక్కడో అబూ ఖిదర్ పెద్దగా నవ్వడం వినపడింది. లమీస్ తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, కాటుకంతా ఆమె రుమాలుకు పూసింది. "అమ్మే కట్టిందా నాన్నా ఇది?" అని అడిగింది. వహీబ్ తల ఊపాడు. ఇన్సాఫ్ వియ్యపురాలి చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. ఆవిడకి అర్థం కాక వహీబ్ వైపు చూసింది. "మా పిల్ల జాగ్రత్త అంటోంది" అన్నాడతను.

బాగా జరిగిందన్నారు అందరూ. వహీబ్ కూడా అదే అనుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత ఖాళీ పడకగదిలో, కంప్యూటర్ తీసేసిన చోట కూర్చుని, ఆ పాట గుర్తుచేసుకోబోయాడు. ఇన్సాఫ్ గొంతుతో. రాలేదు. వచ్చింది తన గొంతే, బొంగురుగా, ఒక మాట ఆలస్యంగా. నీలం పడవ అన్నదమ్ముల్ని గుర్తుచేసుకున్నాడు. తిట్లు గుర్తుచేసుకున్నాడు. మాటలన్నీ ఉన్నాయి, ఎవరో రాసి ఇచ్చినట్టు. వాటిలో ఆమె లేదు. అన్నిసార్లు విన్నవాడు ఇంత త్వరగా ఎలా పోగొట్టుకున్నాడో అతనికి అర్థం కాలేదు. గోడ వైపు తిరిగి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అప్పుడు వంటింట్లో గరిటె చప్పుడైంది. రెండు దెబ్బలు.

"వేసుకో ఇన్సాఫ్! సర్కారు కరెంటే!" అన్నాడు కళ్ళు తుడుచుకుని.

మర్నాడూ అదే. సర్కారు కరెంటు ఉన్నా గరిటె మోగుతోంది. గీజర్‌కి రెండు, ఇస్త్రీకి ఒకటి. తర్వాత మిక్సీకి కూడా మోగింది. ఆఖరికి వంటింటి దీపానికి కూడా. "దీపానికి అడగడమేంటి? వెయ్యి!" అనేవాడు. ఆమె తల ఊపేది. మళ్ళీసారి మళ్ళీ మోగేది.

ఒక సాయంత్రం గరిటె మోగితే, వహీబ్ కావాలనే జవాబివ్వలేదు. ఉలుకూ పలుకూ లేదంటే సరేనన్నట్టే కదా, వాళ్ళ కాపురం అంతా ఆ పద్ధతి మీదే నడిచింది. ఇప్పుడు వేస్తుంది, ఇప్పుడు వేస్తుంది అని కూర్చున్నాడు. వీధిలో దీపాలు వెలిగాయి. వంటింట్లోంచి వెలుగు రాలేదు. లేచి వెళ్ళి చూశాడు.

ఇన్సాఫ్ మసక చీకట్లో స్విచ్ పక్కన నిలబడి ఉంది. ఒక చేతిలో గరిటె. ఇంకో చేతి వేలు స్విచ్ మీద ఆనీ ఆననట్టు ఉంది. అతని జవాబు కోసం చూస్తోంది.

"వెయ్యి ఇన్సాఫ్" అన్నాడు.

ఆమె దీపం వేసింది.